ఏ ఇంటిపేరు గళ్లు?

ఆ రోజు పొద్దున భిక్షపతి వేసుకున్న పథకంలో తప్పు పట్టడానికేమీ లేదు. ఎనిమిదింటికి ట్రాలీ ఆటోలో చిట్యాల దాటాలి. తొమ్మిదిన్నరకు పానగల్ చేరాలి. పదింటికి ఊరి పొలిమేరలో ఎదుర్కోళ్లు. పిల్లవాడి తరఫువాళ్లు దిగగానే పిల్ల తరఫువాళ్లు ఎదురొచ్చి మర్యాద చేసి తీసుకుపోయే ఆ వేడుకలో ఎవరి మేళం గట్టిగా మోగితే ఆ పూటకు వాళ్లదే పరువు. పన్నెండున్నరకు లగ్గం, ఆపైన మటన్. మటన్ దాకా ఆలోచించిన మనిషి మధ్యలో ఇంటిపేర్ల గొడవ వస్తుందని ఎలా అనుకుంటాడు?

భిక్షపతి తండ్రి మేకతోలు తిత్తి ఊదేవాడు. కొడుకు అంతకన్నా నాలుగు గొట్టాలు ఎక్కువున్న తిత్తికి, అంటే బ్యాగుపైపుకు ఎదిగి "శాంతి బ్యాండు" పెట్టాడు. ఈమధ్య సికింద్రాబాదులో ఒక పాత బ్యాండు మూతపడితే వాళ్ల కిల్టులు నాలుగు కొనుక్కొచ్చాడు. స్కాట్లాండులో మగవాళ్లు మోకాళ్ల దాకా చుట్టుకునే కుచ్చిళ్ల ఉన్ని గుడ్డ అది. ఎరుపులో ఆకుపచ్చ గళ్లు, నడుమ సన్నటి పసుపు గీత. ఆ గుడ్డను చూసే ఐలేశం తన కొడుకు పెళ్లికి ఈ బ్యాండును మాట్లాడుకున్నాడు. గొర్రెలు పెంచి నాలుగు రాళ్లు వెనకేసిన మనిషి. డీజే అందరూ పెడుతున్నారని, శుభలేఖ మీద "స్కాట్లాండ్ బ్యాండుతో ఎదుర్కోళ్లు" అని బంగారు రంగులో అచ్చు వేయించాడు. "బట్ట లేకుంటే బ్యాండే లేదు భిక్షపతీ," అని ముందే ఖరాఖండీగా చెప్పాడు కూడా.

ఏడున్నరకు వీరేశం ఫోన్ చేశాడు. బ్యాండులో పైపు ఊదేది అతనే, భిక్షపతికి సొంత చెల్లెలి కొడుకు.

"మామా, కడుపుల ఒకటే నొస్తాంది. లేస్త లేను. నన్ను ఇడిచిపెట్టుండ్రి."

ఆ కడుపునొప్పి ఎక్కడ పుట్టిందో ఇంట్లో అందరికీ తెలుసు. మొన్న కిల్టులు కట్టి చూసుకుంటుంటే సైడుడ్రమ్ము అంజయ్య ఫోటో తీసి బంధువుల గ్రూపులో పెట్టాడు. వీరేశానికి పెళ్లై నాలుగు నెలలు, అత్తగారి ఊరు పానగల్. ఆ సాయంత్రమే అత్త ఫోన్ చేసి, "అల్లుడా, లంగ మంచిగనే ఉన్నది గని, మీదికి ఓణీ ఏది?" అని అడిగింది. ఆ మాట విన్నాక ఏ అల్లుడికైనా కడుపులో నొప్పి రాక మానదు.

"పైపు నేనూదుత నాయినా," అంది గ్లోరీ.

భిక్షపతి కూతురు. డిగ్రీ అయిపోయి ఏడాది. రెండేళ్లుగా మేడమీద పైపు సాధన చేస్తోంది. మొదట్లో పక్కింటి బర్రెలు పాలు తగ్గించాయని గొడవైంది గానీ, కిందటి క్రిస్మస్‌కు చర్చిలో ఊదితే పాస్టరుగారు ప్రసంగం మర్చిపోయారు. వీరేశం కన్నా ఆమెకే దమ్ము ఎక్కువని బ్యాండులో అందరూ ఎరుగుదురు. కానీ వీధిలో ఊదే మాటెత్తితే భిక్షపతి "మల్లసారి బిడ్డ" అనేవాడు. అలాంటి మల్లసారులు పదకొండు దాటిపోయాయి.

"ఊదుతవు బిడ్డ, నాకెరుకే. గని బట్ట?"

"బట్ట కూడ కడ్త."

అంజయ్య గొంతు సవరించుకున్నాడు. "గది మగోళ్ల డ్రెస్సు బిడ్డ. ఆడిపిల్ల కడితె జనం నవ్వరా?"

"మొన్న దాన్ని లంగ అన్నది నువ్వే గదా కాకా? బావ లంగ కట్టిండని ఊరంత ఫోటో తిప్పితివి. మగోడు కడితె లంగ, నేను కడితె మగోళ్ల డ్రెస్సా? ఏదన్న ఒకటి చెప్పు."

అంజయ్య ఆకాశం చూశాడు. తాళాలు కొట్టే పోచయ్య, అద్దంలా ఉన్న తాళాలను మళ్లీ తుడవడం మొదలుపెట్టాడు. భిక్షపతి భార్య సైదమ్మ మాత్రం అంతా విని పొయ్యి దగ్గర నుంచి లేచింది.

"ముచ్చట్లు ఆటోల పెట్టుకోండ్రి. ఇటు రా బిడ్డ."

వీరేశం నడుముకు కుదిరిన గుడ్డ గ్లోరీకి ఇంకో అర చుట్టు ఎక్కువొచ్చింది. సైదమ్మ ఇంట్లో ఉన్న పిన్నీసులన్నీ తీసి, ఏడు చోట్ల గుచ్చి, కూతుర్ని ఒకసారి గుండ్రంగా తిప్పి చూసింది. "పో. ఎవలన్న ఏమన్న అంటె ఊదు. నీ చప్పుడుకు వాళ్ల మాట వాళ్లకే వినపడది," అని దీవించి పంపింది.

పానగల్ పొలిమేరలో ఐలేశం కొత్త తలపాగాతో ఎదురు చూస్తున్నాడు. ఆటో దిగిన వాళ్లను చూసి అతని ముఖం మాడిపోయింది.

"భిక్షపతీ, పైపు కాడ ఆడిపిల్ల ఏంది? కార్డుల స్కాట్లాండ్ బ్యాండు అని కొట్టిచ్చిన. స్కాట్లాండ్ల ఆడోళ్లు గిది కడ్తరా?"

"స్కాట్లాండ్ల మా నాయిన అసొంటోళ్లు కూడ ఉండరు పెద్దనాయినా," అంది గ్లోరీ. "ఆయన కట్టంగ లేంది నేను కడితె ఏమాయె?"

అంతలో ఆడపెళ్లివారి డోళ్లు వినిపించాయి. ఇక తర్కించే వేళ లేదు. గ్లోరీ తిత్తిని చంకలో ఇరికించుకుని గాలి నింపింది. ఒక్కసారిగా పైపు గొంతెత్తింది. అవతలి డోళ్లు రెండు దెబ్బలు తప్పి, తర్వాత సిగ్గుపడి ఊరుకున్నాయి. ఐలేశం తల్లి ముసలవ్వ కారు దిగి వచ్చి, కొంగుతో కళ్లొత్తుకుంది. "మా లగ్గంల గిట్లనే తిత్తి ఊదిండ్రు. యాభై ఏండ్లకు మల్ల విన్న," అంది. ఐలేశం తలపాగా దానంతటదే పైకి లేచింది.

అంతా బాగుందనుకునే చోట ఒక ఈల మోగింది.

ఈల వేసింది పరశురాములు. పెళ్లికూతురికి సొంత చిన్నాన్న. ముప్పై ఏళ్లు బడిలో డ్రిల్లు సారుగా చేసి రిటైరైనా మెడలో ఈల రిటైరు కాలేదు. దానికి తోడు ఈమధ్య ఫోన్ ఒకటి వచ్చి చేరింది. ప్రపంచంలో ఎవరికే సంగతి తెలియకపోయినా ఆ ఫోనులో చూసి చెప్పే బాధ్యత ఆయన నెత్తినేసుకున్నాడు. తమ డోళ్లు ఊరుకోవడం ఆయనకు తలకొట్టేసినట్టైంది.

"ఆగుండ్రి! గీ డ్రెస్సు ఎవలు కట్టాలె, ఎవలు కట్టొద్దు, ఎరుకేనా మీకు? స్కాట్లాండ్ల ఒక్కొక్క ఇంటిపేరుకు ఒక్కొక్క తీరు గళ్లుంటయి. ఊర్లు మారినా, ఇంటిపేర్లే మారినా గళ్లు మారయి. తాతల సంది అదే గుర్తు. ఒకలయి ఇంకొకలు కడితె దొంగతనమే." ఫోను పైకెత్తి అందరికీ చూపించాడు. ఎండలో ఎవరికీ ఏమీ కనపడలేదు. "ఎరుపుల ఆకుపచ్చ, నడుమ పసుపు గీత. చెప్పు భిక్షపతీ, ఏ ఇంటిపేరు గళ్లివి?"

"సికింద్రాబాదుల కొన్న సారూ."

ఆడపెళ్లివారు గొల్లుమన్నారు.

"అంటే ఎవలియో! ఎవలి బట్ట వాళ్లే కట్టాలె భిక్షపతీ. ఎవలి జాగల వాళ్లే ఉండాలె."

గ్లోరీకి ఒళ్లు మండిపోయింది. ఆ చివరి మాట ఫోన్లో దొరికింది కాదని ఆమెకు తెలుసు. దాని వయసు ఫోన్ల కంటే, బళ్ల కంటే చాలా ఎక్కువ. నోరు తెరవబోయింది. కానీ జన్మలో గిరాకీకి ఎదురు చెప్పని భిక్షపతి ఆమె కన్నా ముందే మాట్లాడాడు.

"సారూ, మా నాయిన ధోతి మోకాలు కిందికి దిగిందని దొర గుంజకు కట్టేపిచ్చి కొట్టిచ్చిండు. గిప్పుడు నేను మోకాలు మీదికి కట్టినా తప్పేనా? మరి మా మోకాళ్లు యాడ దాచుకోవాలె?"

నవ్వులు ఆగిపోయాయి. కొందరు చెప్పుల వైపు చూసుకున్నారు. పరశురాములు ఫోను జేబులో పెట్టుకోబోయాడు. వ్యవహారం అక్కడితో సర్దుకునేదే. కానీ ఐలేశానికి శుభలేఖ గుర్తొచ్చింది. బంగారు అక్షరాలు గుర్తొచ్చాయి. ఎవరివో బట్టలు కట్టించి తెచ్చాడన్న మాట రేపు సంతలో తిరుగుతుందని భయం పట్టుకుంది.

"ఎవలియో ఎందుకైతయి బావా?" అన్నాడు మీసం దువ్వి. "మాయే! మా కడారోళ్ల గళ్లే అవి. నేనే ఆర్డరిచ్చి నేయిపిచ్చిన."

మగపెళ్లివారు చప్పట్లు కొట్టారు. గ్లోరీ తండ్రి వైపు తిరిగింది. "గదేంది నాయినా? మన బట్టను..."

"జర ఊకో బిడ్డ." కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. భిక్షపతి పెద్ద డ్రమ్ము వెనక్కి జరిగాడు.

పరశురాములు అంత తేలిగ్గా వదిలే రకం కాదు. "మీ ఇంటిపేరు గళ్లైతె మీ ఇంట్లోళ్లే కట్టాలె గదా బావా? బ్యాండోళ్లు కట్టుడేంది? ఇప్పిచ్చి మీరు కట్టుకోండ్రి, చూస్తం."

ఐలేశం చిక్కుకుపోయాడు. గ్లోరీ దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "బిడ్డా, జర ఇప్పియ్యరాదు. పెండ్లికొడుకు ఒక్క ఐదు నిమిషాలు కట్టుకుంటడు." ఆ మాట కారులో దాకా వినిపించిందేమో, పెళ్లికొడుకు అద్దాలు పైకెత్తి తలుపులు లోపల నుంచి బిగించుకున్నాడు.

"ఇప్ప," అంది గ్లోరీ. "దీనికి ఏడు పిన్నీసులున్నయి. మా అమ్మ వెట్టింది, మా అమ్మనే తియ్యాలె. ఆమె చిట్యాలల ఉన్నది."

"మరెట్ల?"

"నా బట్ట నాది కాదన్నరు గదా. బట్ట నాది కాకుంటె ఊదుడు కూడ నాది కాదు." పైపును ఒళ్లో పెట్టుకుని కిలోమీటరు రాయి మీద కూర్చుంది. "మీ ఇంటిపేరోళ్లెవలన్న ఉంటె ఊదుండ్రి."

మేళం లేక ఎదుర్కోళ్లు నడిరోడ్డు మీద గంటకు పైగా నిలిచిపోయాయి. పెళ్లికూతురి తండ్రి పాపం నెమ్మదస్తుడు. గొడవ చల్లార్చడానికి ముందు మర్యాదలు కానిద్దామని, వెంట తెచ్చుకున్న పెద్ద మూట విప్పించాడు. వియ్యాలవారికి కప్పే తువాళ్లు. పరశురాములే నల్లగొండ పోయి ఒకే దుకాణంలో టోకున తెచ్చాడు. వాటిని తమవాళ్లూ కప్పుకున్నారు, అవతలివాళ్లకూ కప్పారు. ఐలేశం భుజం మీద ఒకటి పడింది, పరశురాములు భుజం మీద మరొకటి. చూస్తుండగానే రెండు వైపులా కలిపి నూటయాభై మందికి తువాళ్లయ్యాయి.

ముసలవ్వ తన భుజం మీది తువాలు చూసుకుంది. గ్లోరీ కిల్టు చూసింది. మళ్లీ తువాలు చూసింది. ఎరుపులో ఆకుపచ్చ గళ్లు. నడుమ సన్నటి పసుపు గీత.

"ఓ పరశురాములూ," అంది. "మీ తువాళ్లయి, మావోడి బట్టయి ఒకటే గళ్లు గదనయ్యా?"

"అయితే ఏందవ్వా?"

"ఏందంటవేంది? గళ్లు ఇంటిపేరు గుర్తంటివి. పేర్లు మారినా గళ్లు మారయంటివి. గా గళ్లు మా ఇంటియని మావోడే చెప్పె. గీ తువాళ్లు మీ ఇంటియి. అంటే మనం ఒకటే ఇల్లు, పాలోళ్లం! యాడనో ఇడిపోయి పేర్లు మార్చుకున్నం." అవ్వ గుండె మీద చెయ్యేసుకుంది. "అన్నచెల్లెండ్లకు లగ్గం పెడ్తిరి గదరా!"

ఒక్క క్షణం ఎవరికీ ఊపిరాడలేదు. తర్వాత అందరికీ ఒకేసారి ఆడింది. పాలోళ్ల మధ్య పెళ్లి ఏమిటని ఒకరు, పేర్లు వేరే కదా అని ఇంకొకరు. "మా తాత కూడ యాడికెల్లో వలస వచ్చిండని అంటుండె," అని మూడో మనిషి ఎవరూ అడగకుండానే సాక్ష్యం చెప్పాడు. మేనత్త ఒకామె శోకం అందుకుంది. పంతులు గడియారం చూసి, "లగ్గానికి ఇంకా నలభై నిమిషాలు. తర్వాత పదిహేను రోజుల దాకా ముహూర్తం లేదు," అని తన వంతు ఆజ్యం పోశాడు. కారు అద్దం సర్రున కిందికి దిగింది. పెళ్లికొడుకు చెవి దగ్గర ఫోను ఉంది. అందులోంచి పెళ్లికూతురి గొంతు బయటికే వినిపిస్తోంది: "ఇప్పుడు నిన్ను ఏమని పిలవాలె? అది చెప్పు ముందు!"

నిజానికి పరిష్కారం ఎంత తేలిక! ఐలేశం అబద్ధమాడానని ఒప్పుకుంటే చాలు. పరశురాములు తన శాస్త్రం చిట్యాలకూ పానగల్‌కూ పనికిరాదని ఒప్పుకున్నా చాలు. కానీ ఇద్దరూ పరువున్నవాళ్లు. పరువున్నవాళ్లు పెళ్లి ఆగినా ఊరుకుంటారు గానీ మాట వెనక్కి తీసుకోరు. గోటితో పోయేది గొడ్డలి దాకా వచ్చింది.

పది నిమిషాలయ్యాక కిలోమీటరు రాయికి కుడివైపు ఐలేశం వచ్చి వంగాడు.

"బిడ్డా, ఆ గళ్లు మీ ఇంటిపేరోళ్లయని చెప్పరాదు. మాయి కాకపోతె గొడవే లేదు."

ఎడమవైపు పరశురాములు వంగాడు. ఈల గ్లోరీ చెవికి తగిలింది. "అవునమ్మా. మీయే అని ఒక్క మాటను. కాయిదం అడిగెటోడెవడు?"

గ్లోరీ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. పొద్దుటి నుంచి ఆ ఒక్క మాటే కదా తను అంటున్నది. ఆమెకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. రెండూ మింగేసింది.

"నేను చెప్తె ఎవలు నమ్ముతరు సారూ? నా నోటి మాట చెల్లితె గీడిదాక ఎందుకొస్తది? మీరే చెప్పాలె. మైకుల."

"మైకులనా!"

"గీ గళ్లు మేడిపల్లి భిక్షపతి ఇంటియి. కట్టే హక్కు ఆ ఇంటోళ్లదే. ఆడోళ్లకైనా, మగోళ్లకైనా. అట్లనే చెప్పాలె."

"ఆడోళ్లకైనా అనేది ఎందుకమ్మా నడుమ?"

"గది లేకుంటె ఊద."

పంతులు దూరం నుంచి గడియారం మీద వేలితో కొట్టి చూపించాడు.

పరశురాములు మింగలేక, కక్కలేక ట్రాలీ ఆటోలోని బ్యాండు మైకు పట్టుకుని ముందు ఈల వేశాడు. "అందరు వినుండ్రి! ఇప్పుడే ఫోన్ల మల్ల చూసిన. మొదలు చూసినప్పుడు నెట్టు సరిగ్గ లేకుండె. గీ గళ్లు కడారోళ్లయి కావు, మాయి కావు. మేడిపల్లి భిక్షపతి ఇంటోళ్లయి. కట్టే హక్కు వాళ్లది. ఆడోళ్లకైనా," అక్కడ కాస్త దగ్గాడు, "మగోళ్లకైనా!"

"మరి ఐలేశం నేయిపిచ్చినన్నడు?" అని ఎవరో అరిచారు.

"నేయిపిచ్చిన," అన్నాడు ఐలేశం. "వాళ్లకే నేయిపిచ్చిన."

అందరూ తేలికపడ్డారు, ముసలవ్వ తప్ప. "మరి గీ తువాళ్లు? వాళ్ల ఇంటి గళ్లు మన భుజాల మీదుంటె దొంగతనం గాదా? సారే చెప్పె."

నూటయాభై జతల కళ్లు గ్లోరీ వైపు తిరిగాయి. పరశురాములు రెండు చేతులూ తువాలు అంచుల మీదకు పోయి ఆగిపోయాయి. గ్లోరీ రాయి మీద నుంచి లేచి, కుచ్చిళ్లు దులుపుకుని, తండ్రి వైపు చూసింది.

"కప్పుకోనియ్యాల్నా నాయినా?"

దొర గుంజకు కట్టించిన మనిషి కొడుకు వైపు, ఇంతమంది పెద్దమనుషులు భుజాల మీది గుడ్డకు అనుమతి కోసం చూస్తున్నారు. భిక్షపతి పెద్ద డ్రమ్ము వెనక నుంచి ముందుకొచ్చి, మోకాళ్లు కనిపించేలా నిటారుగా నిలబడ్డాడు.

"ఇయ్యాల్ల ఒక్కరోజుకు కప్పుకోండ్రి," అన్నాడు. "పోయేటప్పుడు మడిచి పట్టుకపోండ్రి."

గ్లోరీ తిత్తి నింపింది. పొలిమేర నుంచి పందిరి దాకా ఆపకుండా ఊదింది. దారిలో రెండు పిన్నీసులు ఊడిపోయాయి. మిగతా ఐదూ నిలబడ్డాయి. ఆడపెళ్లివారి డోళ్లు కూడా కాసేపటికి ఆమె వెనకే చేరి దరువు కలిపాయి. ఇన్నాళ్లు మేడమీద బర్రెల కోసం ఊదిన ఊపిరంతా ఆమె ఆ రోజు మనుషుల కోసం ఊదింది. అంత సంతోషం ఆమెకు అంతకుముందు ఎన్నడూ కలగలేదు. ముహూర్తానికి మూడు నిమిషాలు మిగిలుండగా లగ్గం పడింది.

మటన్ బంతిలో కూర్చున్నాక ఒక బైకు సర్రున వచ్చి ఆగింది. వీరేశం. అత్త అతనికి వీడియో పంపి, కింద "గీ పిల్లను చూసి నేర్చుకో అల్లుడా" అని రాసిందట.

"గ్లోరీ, ఆ కిల్టు ఇటియ్యి," అన్నాడు రొప్పుతూ. "సాయంత్రం బరాతుల నేను కట్టుకుంట. గది మగోళ్లది."

గ్లోరీ తాపీగా మూలుగ బొక్క పీల్చి విస్తరి అంచున పెట్టింది. "నీ ఇంటిపేరేంది బావా?"

వీరేశం ఇంటిపేరు వాళ్ల నాయినది. మేడిపల్లి కాదు. న్యాయం కోసం ఎదురు బంతిలో ఉన్న పరశురాములు వైపు చూశాడు. సారు విస్తరిలోంచి తలెత్తలేదు. "మైకుల చెప్పింది చెప్పిందే," అన్నాడు.

వీరేశానికి కడుపునొప్పి నిజంగా మొదలైంది అప్పుడే.